నియంత్రిక ఏదీ నియంత్రించదు!

మన తెలుగు పేపర్లలో ట్రాన్స్‌ఫార్మర్‌ని "నియంత్రిక" అని రాస్తారు, మీరు గమనించే ఉంటారు. నియంత్రిక కాలిపోయింది, నియంత్రికలో రాగి తీగ ఎత్తుకుపోయారు, కొత్త నియంత్రిక కోసం రైతుల ధర్నా... ఇలా జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. నాకు ఈ మాటతో చిన్న పేచీ ఉంది. నియంత్రించడం అంటే అదుపులో పెట్టడం కదా? ట్రాన్స్‌ఫార్మర్ దేన్నీ అదుపులో పెట్టదు. దానికి తిరిగే చక్రం లేదు, ఆలోచించే బుర్ర లేదు. ఎంత లాగితే అంత ఇస్తుంది, ఇవ్వలేకపోతే వేడెక్కి చస్తుంది. స్కూలు ఫిజిక్సు పుస్తకంలో "పరివర్తకం" అని చదువుకున్నాం, అది నయం. మా పెందుర్తి చుట్టుపక్కల పల్లెల్లో "ట్రాన్స్‌ఫారం" అంటారు, అది ఇంకా నయం. కనీసం అబద్ధం చెప్పదు.

ఇదేదో భాషా సంస్కరణ టపా అనుకుని పారిపోకండి. ఆ పేరులో ఉన్న పొరపాటునే నేనూ నమ్మాను. నమ్మి, 2014లో ఒక మనిషి ప్రాణం తీయబోయాను. ఆ సంగతి చివర్లో చెప్తాను. అది అర్థం కావాలంటే ముందు ఆ నూనె డబ్బా చరిత్ర కొంచెం తెలియాలి.

ముందే ఒప్పేసుకుంటున్నా, నేను ఎలక్ట్రికల్ వాణ్ణి కాదు. చదివింది కంప్యూటర్స్, చేసేది డేటాబేసుల పని. ట్రాన్స్‌ఫార్మర్ల గురించి నాకు తెలిసిందంతా మా బాబాయి పెట్టిన భిక్ష, మిగిలింది తర్వాత పుస్తకాల్లో చదువుకున్నది. బాబాయి లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు ఆయన సైకిలు సంచీలో మెరిసే నీలం గుళికలు ఉండేవి. గోళీలనుకుని జేబులో వేసుకుని తన్నులు తిన్నాను. వాటి సంగతీ వస్తుంది.

ఒక కడియం, రెండు చుట్టలు

కథ 1831 ఆగస్టులో లండన్‌లో మొదలవుతుంది. మైకేల్ ఫారడే ఒక ఇనప కడియానికి ఒక పక్క ఒక తీగ చుట్ట, రెండో పక్క ఇంకో తీగ చుట్ట చుట్టాడు. రెండు తీగలూ ఎక్కడా కలవవు. మొదటి చుట్టకి బ్యాటరీ కలిపిన క్షణంలోనూ, తీసేసిన క్షణంలోనూ రెండో చుట్ట దగ్గర పెట్టిన సూది కదిలింది. మధ్యలో కరెంటు నిలకడగా ఉన్నంతసేపూ మాత్రం సూది కదల్లేదు. అంటే కరెంటు మారుతూ ఉంటేనే రెండో పక్కకి దాని ప్రభావం వెళ్తుంది. రెండో పక్క ఎన్ని చుట్లు ఎక్కువైతే వోల్టేజి అంత ఎక్కువ, ఎన్ని తక్కువైతే అంత తక్కువ. ఇంతే సూత్రం. ఇందులో మీరు గుర్తు పెట్టుకోవలసింది ఒకటుంది. ఏ చుట్ట "మొదటిది", ఏది "రెండోది" అని కడియం మీద ఎక్కడా రాసి ఉండదు.

ఆ ప్రయోగం ఊళ్ళకి పనికొచ్చే వస్తువు కావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. 1882లో ఎడిసన్ న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో డీసీ కరెంటు అమ్మడం మొదలుపెట్టాడు. వోల్టేజి 110. ఆ వోల్టేజి మీద ఓ మైలు దాటేసరికి దీపాలు నీరసపడిపోతాయి. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వోల్టేజి రెట్టింపు చేస్తే అదే పవర్‌కి కరెంటు సగమై, నష్టం నాలుగో వంతుకి పడుతుంది. దూరం పంపాలంటే వోల్టేజి పెంచాలి, ఇంట్లో వాడాలంటే తగ్గించాలి. డీసీతో ఆ రోజుల్లో ఆ పని కుదరదు.

గొలార్, గిబ్స్ అనే ఇద్దరు 1884లో ఇటలీలోని ట్యూరిన్ ప్రదర్శనలో ఏసీతో ఆ పని చేసి చూపించారు. కానీ వాళ్ళ అమరికలో ఒక దీపం తీసేస్తే మిగతా దీపాల వెలుగు మారిపోయేది. 1885లో బుడాపెస్టులోని గాంజ్ ఫ్యాక్టరీ ఇంజినీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతి, డెరి ముగ్గురూ కలిసి ఇనప గుండెని మూసేసిన వలయంగా చేసి, ట్రాన్స్‌ఫార్మర్లని పక్కపక్కన సమాంతరంగా కలిపారు. "ట్రాన్స్‌ఫార్మర్" అన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే. మరుసటి ఏడు, 1886 మార్చిలో, అమెరికాలో గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్ళో విలియం స్టాన్లీ మెయిన్ రోడ్డు దుకాణాలకి ఇలాగే దీపాలు వెలిగించాడు. ఈ రోజు మన వీధి చివర ఉన్నది దాని మునిమనవడే. మన రంగంలో 1885 నాటి డిజైను ఇంకా ప్రొడక్షన్లో నడుస్తోందంటే నమ్ముతామా? :)

నూనె ఎందుకు?

తొలినాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్లు పొడివి. తీగకి నూలు దారం, లక్క పూత, అంతే. వోల్టేజి పెరిగేకొద్దీ రెండు సమస్యలు. ఒకటి, పక్కపక్క చుట్ల మధ్య మెరుపు దూకడం. రెండు, వేడి. నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు అవతలికి పంపే మంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా మిగతా రెండు పాళ్ళనీ వేడిగా మార్చి పొట్టలో పెట్టుకుంటుంది. పెద్ద వాటిలో ఆ రెండు పాళ్ళే చాలా ఎక్కువ.

రెండు సమస్యలకీ ఒకే జవాబు నూనె. గాలి కంటే బాగా వోల్టేజిని ఆపుతుంది. వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది, డబ్బా గోడలకి తగిలి చల్లారి కిందికి దిగుతుంది, మళ్ళీ చుట్టల్లోకి వెళ్తుంది. పంపు అక్కర్లేదు, ఫ్యాను అక్కర్లేదు. దీన్ని ఎత్తున లోకానికి చూపించింది 1891. జర్మనీలో లౌఫెన్ అనే ఊరి జలవిద్యుత్తుని 175 కిలోమీటర్ల అవతల ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకి పంపారు. అప్పటికి ఎవరూ కలగనని 15 వేల వోల్టుల లైను, దానికి నూనెలో ముంచిన ట్రాన్స్‌ఫార్మర్లు. ఆ తర్వాత ఇక వెనక్కి చూసింది లేదు.

ఇప్పుడు మన వీధిలోకి వద్దాం. పెందుర్తిలో 220 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. అక్కణ్ణించి మెట్లు దిగినట్టు 132, 33, 11 కేవీలుగా దిగి, చివరి మెట్టు దగ్గర రెండు స్తంభాల మధ్య కూర్చున్న బూడిదరంగు డబ్బాలోకి వస్తుంది. మామూలుగా అది 100 కేవీఏ. పైన మూడు పింగాణీ బుషింగులు, అవి 11 వేల వోల్టుల తీగలకి. రెండో పక్క నాలుగు చిన్న బుషింగులు, మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. లోపల సీఆర్‌జీవో అనే ప్రత్యేకమైన సిలికాన్ ఉక్కు రేకులు, ఒక్కొక్కటీ పావు మిల్లీమీటరు మందం, వందల కొద్దీ పేర్చి కట్టిన గుండె. దాని మూడు కాళ్ళకీ లోపల తక్కువ వోల్టేజి చుట్ట, బయట ఎక్కువ వోల్టేజి చుట్ట. తీగ రాగి గానీ అల్యూమినియం గానీ. తీగ మీద కాయితం. అంతా నూనెలో.

ఇక్కడ ఒక చిత్రం. విశాఖ ఉక్కు కోసం మన పెద్దవాళ్ళు ప్రాణాలిచ్చారు, అంత పెద్ద ప్లాంటు కట్టుకున్నాం. అక్కడ తయారయ్యేది కడ్డీలు, వైరు రాడ్లు, స్ట్రక్చరల్స్. ఈ ట్రాన్స్‌ఫార్మర్ రేకు మాత్రం అక్కడ చేయరు. దేశం మొత్తానికీ కావలసిన దాంట్లో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి దిగుమతే. మన పోర్టులో దిగే సరుకుని మన ఉక్కు ఊళ్ళోంచే లారీ ఎక్కించి తీసుకుపోవడం అన్నమాట.

100 కేవీఏ డబ్బాకి లెక్క సులువు. 11 కేవీ వైపు నిండు లోడులో ఐదుంపావు ఆంపియర్లు. ఇళ్ళ వైపు 433 వోల్టుల దగ్గర 133 ఆంపియర్లు. ఒక్కో ఫేజు చుట్ట చూస్తే 11,000కి 250, అంటే 44 రెట్లు. ఈ 44ని గుర్తు పెట్టుకోండి, తర్వాత పని ఉంది.

నీలం గుళికలు

డబ్బా పొట్టలో అన్నిటికన్నా బలహీనమైనది కాయితం. రాగి కరగదు, ఉక్కు అరగదు, నూనెని వడకట్టి మళ్ళీ వాడొచ్చు. కాయితం ఒకసారి మాడి పెళుసైతే అంతే. దాని ఆయుష్షు గురించి 1930లో మాంట్సింగర్ అనే అమెరికన్ ఇంజినీరు ఒక సూత్రం చెప్పాడు. వేడి ఓ ఎనిమిది పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సగమవుతుంది. మే నెల మధ్యాహ్నం, మీదనుంచి ఎండ, లోపల అందరి ఏసీల లోడు. ఆ డబ్బా ఎలా బతుకుతోందో ఆలోచించండి.

రెండో శత్రువు తేమ. నూనె వేడెక్కి ఉబ్బినప్పుడు గాలి బయటికి వదులుతుంది, చల్లారినప్పుడు బయటి గాలి పీలుస్తుంది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ నిజంగానే ఊపిరి తీస్తుంది! మాది సముద్రం ఊరు, ఆ ఊపిరినిండా తేమే. అందుకే కాస్త పెద్ద వాటికి ఊపిరితిత్తి దగ్గర ఒక చిన్న సీసా కడతారు. దాంట్లో సిలికా జెల్ గుళికలు. పొడిగా ఉంటే నీలం, తడి పీల్చుకుంటే గులాబీ. మా బాబాయి సంచీలోవి అవే. ఆ నీలం రంగు కోబాల్ట్ ఉప్పు వల్ల వస్తుంది, అది విషం. తన్నులు ఎందుకు పడ్డాయో నాకు పాతికేళ్ళ తర్వాత అర్థమైంది. ఇప్పుడు నారింజ రంగువి కూడా వస్తున్నాయి.

నూనె బాగుందో లేదో చూసే పరీక్ష కూడా ముచ్చటగా ఉంటుంది. రెండు లోహపు గుండీల మధ్య రెండున్నర మిల్లీమీటర్ల సందు పెట్టి, నూనెలో ముంచి, మెరుపు దూకేదాకా వోల్టేజి పెంచుకుంటూ పోతారు. కనీసం 30 కేవీ దాకా ఆగాలి. కొంచెం నీళ్ళు కలిసినా ఆ అంకె దబ్బున పడిపోతుంది.

మూడో శత్రువు మనం. ఇళ్ళ వైపు ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని బదులు లావు తీగ చుట్టేస్తారు. మన భాషలో చెప్పాలంటే, ఎర్రర్ వస్తోందని ట్రై-క్యాచ్ పెట్టి ఎర్రర్‌ని మింగెయ్యడం. స్క్రీన్ మీద అంతా బాగానే ఉంటుంది, వెనకాల సర్వర్ చచ్చిపోతూ ఉంటుంది. ఫ్యూజు చావాల్సింది ట్రాన్స్‌ఫార్మర్‌కి బదులుగా. దాన్ని చావనివ్వకపోతే డబ్బా చస్తుంది.

మామ్మ మోకాళ్ళు

మా మామ్మ మోకాళ్ళ నొప్పులకి ట్రాన్స్‌ఫార్మర్ నూనె రాసుకునేది. నవ్వకండి, మా వైపు చాలామంది ముసలివాళ్ళు చేసిన పనే. "కరెంటు నూనె కదా, పట్టు వదిలిస్తుంది" అని నమ్మకం. బాబాయి ఎంత మొత్తుకున్నా సీసా ఎక్కణ్ణించో సంపాదించేది.

మామూలు ట్రాన్స్‌ఫార్మర్ నూనె పెట్రోలియం నుంచి తీసిందే. దాని ఇబ్బంది మంట. సుమారు 170 డిగ్రీలకి అంటుకుంటుంది. అందుకని 1929 నుంచి అమెరికాలో పీసీబీ అనే మండని ద్రవాన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. ఆస్పత్రులు, సినిమా హాళ్ళు, ఫ్యాక్టరీల లోపల పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లలో అదే పోశారు. మండదు, పాడవదు, ఇంకేం కావాలి? తీరా చూస్తే ఆ పాడవకపోవడమే దాని పాపం. మట్టిలో పోదు, ఒంట్లో కొవ్వులో చేరితే పోదు. 1968లో జపాన్‌లో తవుడు నూనెలో పొరపాటున ఇది కలిసి వెయ్యిమందికి పైగా జబ్బుపడ్డారు. అమెరికా 1979లో తయారీ నిషేధించింది. 2001 స్టాక్‌హోమ్ ఒప్పందంలో ప్రపంచ దేశాలు దీన్ని వదిలించుకుంటామని రాసుకున్నాయి, 2025 కల్లా వాడకం ఆపాలని గడువు. మన దేశం 2016లో ఉత్తర్వు ఇచ్చి తయారీ, దిగుమతీ ఆపేసి, వాడకానికి 2025 డిసెంబర్ 31 ఆఖరు తేదీ అంది.

వీధి చివర డబ్బాల్లో పోసింది మామూలు నూనే. కానీ ఒకే వడపోత యంత్రంతో వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్ల నూనె శుభ్రం చేస్తే ఒకదాని విషం ఇంకోదానికి అంటుతుంది. పైగా మామూలు నూనె కూడా చర్మానికి మందేమీ కాదు. మామ్మ తొంభై దాకా బతికింది, ఆ మోకాళ్ళు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు చక్రం తిరిగి వంటింటి దగ్గరికే వచ్చింది. సోయా లాంటి గింజల నూనెల నుంచి చేసిన ద్రవాలు ట్రాన్స్‌ఫార్మర్లలో పోస్తున్నారు. 300 డిగ్రీలు దాటితే గానీ అంటుకోవు, నేల మీద ఒలికినా మట్టిలో కలిసిపోతాయి, కాయితంలో తేమని కూడా లాగుతాయి. మనం పునుగులు వేసే నూనెకి చుట్టాలే.

ఊరికొకటా, పొలానికొకటా?

మా వైపుకి పెద్ద ఎత్తున కరెంటు వచ్చింది మాచ్‌ఖండ్ నుంచి. ఆంధ్రా, ఒరిస్సా కలిసి కట్టుకున్న జలవిద్యుత్ కేంద్రం, 1955లో ప్రారంభం. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు వచ్చింది, 1969లో ఢిల్లీలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది. ఆ తర్వాత బోర్లకి మోటార్లు. అప్పటి పద్ధతి, ఓ పెద్ద 100 కేవీఏ డబ్బా పెట్టి, దాన్నించి కిలోమీటర్ల పొడవునా తక్కువ వోల్టేజి తీగలు లాగి పదిహేను ఇరవై మోటార్లకి ఇవ్వడం. చివరి పొలం దాకా వెళ్ళేసరికి వోల్టేజి పడిపోయి మోటారు కాలేది. మధ్యలో కొక్కేలు. డబ్బా కాలితే ఇరవై పొలాలు ఒకేసారి ఎండిపోవడం.

2000ల దశకంలో మన రాష్ట్రంలో దీన్ని తిరగేశారు. 11 కేవీ తీగనే పొలాల దాకా తీసుకెళ్ళి, మూడు నాలుగు మోటార్లకి ఒక 15 లేదా 25 కేవీఏ చిన్న డబ్బా. దీన్ని హెచ్‌వీడీఎస్ అంటారు. మోనోలిత్ పగలగొట్టి మైక్రోసర్వీసులు చేసినట్టు. ఒకటి పోతే ముగ్గురికే నష్టం, అది "మన ట్రాన్స్‌ఫారం" అనే బాధ్యత కూడా ఆ ముగ్గురికీ ఉంటుంది. కొక్కెం వేయడానికి 11 వేల వోల్టుల తీగ మీద ఎవడికి ధైర్యం?

మైక్రోసర్వీసులకి ఉన్న జబ్బే దీనికీ ఉంది. ఎవరూ వాడకపోయినా ప్రతి డబ్బా 24 గంటలూ గుండెలో కొంత పవర్ తింటూనే ఉంటుంది. ఒక డబ్బా వంద వాట్లు తింటే ఏడాదికి 876 యూనిట్లు. అలాంటివి లక్షలు పెడితే? అందుకే గుండె ఉక్కు మంచిది కావాలి. వెంట్రుక కంటే పలచని అమార్ఫస్ లోహపు రిబ్బనుతో గుండె చేస్తే ఆ నష్టం మూడో వంతుకి దిగుతుంది. హైదరాబాద్ విజయ్ ఎలక్ట్రికల్స్ వీటికి పేరుబడ్డ కంపెనీ, 2013లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారాన్ని తోషిబా కొనుక్కుంది. ఫ్రిజ్‌ల మీద ఉన్నట్టు ట్రాన్స్‌ఫార్మర్లకీ స్టార్ రేటింగులు వచ్చాయి.

చిన్న డబ్బాలు దొంగలకి కూడా సులువయ్యాయి. రాత్రికి రాత్రి దింపి, నూనె పారబోసి, రాగి చుట్ట పట్టుకుపోతారు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్నంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలని నియంత్రణ మండలి నిబంధన 2004 నుంచీ ఉంది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు 48 గంటలు ఎంత పొడుగో రైతుని అడగండి.

హుద్‌హుద్

ఇక నా సంగతి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదే తీరం దాటింది. గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి. నేను సెలవు పెట్టి ఇంటికొచ్చి ఉన్నాను. సోమవారం పొద్దున్న బయటికొచ్చి చూస్తే పెందుర్తిలో నిలబడ్డ స్తంభం కంటే పడుకున్న స్తంభాలే ఎక్కువ. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు లేదు. అన్నిటికంటే కష్టం నీళ్ళు. బోరు ఉంది, మోటారు తిప్పే కరెంటు లేదు. మా అపార్ట్‌మెంటులో పాతిక కుటుంబాలు, చంటిపిల్లలు, ముసలివాళ్ళు.

మంగళవారం ఎలాగో 5 కేవీఏ జనరేటరు ఒకటి అద్దెకి దొరికింది. బోరు మోటారు స్టార్టరు బేస్‌మెంటు ప్యానెల్‌కి కట్టి ఉంది. విడిగా వైరు లాగే టైము లేదు. అందర్నీ ఎవరి మెయిన్ వాళ్ళు ఆపుకోమని చెప్పి, జనరేటరు వైరు తిన్నగా ప్యానెల్లోకి కలిపించాను. కలపడానికి వచ్చిన కుర్రాడు "సార్, ఛేంజోవర్ స్విచ్ లేదు కదా" అన్నాడు. "ఊరంతా కరెంటే లేదు, ఎక్కణ్ణించి వస్తుంది?" అన్నాను. వచ్చే కరెంటు గురించే ఆలోచించాను. పోయే కరెంటు గురించి ఆలోచించలేదు. మోటారు తిరిగింది, ట్యాంకు నిండుతోంది, అందరూ నన్ను హీరోలా చూస్తున్నారు.

అరగంటకి బాబాయి వచ్చాడు. పరిగెత్తుకుంటూ వచ్చాడు, అరవై దాటిన మనిషి. ఒక్క మాట లేదు, తిన్నగా వెళ్ళి జనరేటరు ఆపేశాడు.

"ఎవుడ్రా దీన్నిలా కట్టించింది?"

"నేనే బాబాయ్..."

చెయ్యెత్తాడు గానీ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని వీధి చివరికి లాక్కెళ్ళాడు. అక్కడ వేరే జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్ కుర్రాళ్ళు నలుగురు, చేతుల్లో తాళ్ళు, కింద పడ్డ 11 కేవీ తీగ పక్కన నిలబడి మావైపే చూస్తున్నారు. రిటైరైనా బాబాయి వాళ్ళకి దారి చూపించడానికి వచ్చాడు. ఎల్సీ తీసుకుని, లైను ఆఫ్‌లో ఉందని రూఢి చేసుకునే వచ్చారు. ఒకడు తీగ ఎత్తడానికి వంగుతుంటే, మూడు రోజులుగా చచ్చి ఉన్న మా ట్రాన్స్‌ఫార్మర్ "మ్‌మ్‌మ్..." అని మూలగడం బాబాయికి వినపడింది.

ఆ 44 గుర్తుందా? ఫారడే కడియం మీద మొదటి చుట్ట, రెండో చుట్ట అని రాసి లేదు. పై నుంచి 11 వేలు ఇస్తే కింద 250 వస్తుంది. కింద నుంచి 230 ఇస్తే పైన 10 వేల పైచిలుకు వస్తుంది. మామూలు రోజుల్లో ఇలా చేస్తే వీధిలో అందరి లోడూ మీద పడి జనరేటరు కూలబడుతుంది. ఆ రోజు ఇళ్ళకి వెళ్ళే తీగలు తెగిపోయి ఉన్నాయి, మా వాళ్ళ మెయిన్లు నేనే ఆపించాను. ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రాణం పొయ్యడానికి 5 కేవీఏ చాలు. దాని పక్కన ఏబీ స్విచ్ మూసే ఉంది. మా బోరు నీళ్ళ కోసం నేను ఆ తీగలోకి పదివేల వోల్టులు పంపిస్తున్నాను.

బాబాయి అప్పుడు చెప్పాడు. ఆయన సర్వీసులో ఒక హెల్పర్ కుర్రాడు స్తంభం మీద ఇలాగే పోయాడట. ఏదో పెళ్ళిమండపం జనరేటరు. పెళ్ళి ఆగలేదట, ఎందుకంటే మండపంలో ఎవరికీ తెలియనే తెలియదు.

"కరెంటుకి రాకా పోకా తెలుస్తాదేట్రా? ఈ పక్క ఎక్కిస్తే ఆ పక్క ఎలిపోతాది. ఆడికి నీ ఇల్లు కనపడదు, నీకు ఆడు కనపడడు."

ఆ కుర్రాళ్ళు నన్నేమీ అనలేదు. ఏబీ స్విచ్ తెరిచారు, తీగలకి రెండు పక్కలా ఎర్తు రాడ్లు తగిలించారు, పని మొదలుపెట్టారు. ఎర్తు రాడ్లు ముందే వేసుకోవలసింది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. వందల కిలోమీటర్ల తీగ పడిపోయి, ఊరంతా ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుంది అని మీద పడుతుంటే, నిద్రలేని మనిషి ఒక మెట్టు దాటేస్తాడు. ఆ దాటేసిన మెట్టు దగ్గరే నాలాంటివాడి జనరేటరు కాచుకుని ఉంటుంది. వాళ్ళలో వంగిన కుర్రాడు సాయంత్రం మా ఇంటికే వచ్చి మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చిన నీళ్ళు ఆ బోరువే. నేను అతని మొహం వంక చూడలేకపోయాను.

ఇప్పుడెందుకీ గోల

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో విశాఖలో కొంత భాగం కరెంటు తీగల్ని భూమిలోకి దింపారు. మంచిదే. కానీ కడియం సూత్రం భూమిలోనూ అదే.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు కింద నుంచి పైకి కరెంటు వెళ్ళడం అంటే ప్రమాదం. ఇప్పుడు అదే పథకం. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం తర్వాత డాబాల మీద సోలార్ పలకలు పెరిగాయి. మధ్యాహ్నం వీధిలో వాడకం తక్కువైతే మిగిలిన కరెంటు మన డబ్బాగుండా 11 కేవీలోకి ఎక్కుతుంది. గ్రిడ్ కరెంటు పోయిన వెంటనే సోలార్ ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలన్న నియమం అందుకే పెట్టారు. "ఎండ కాస్తుంటే సోలార్ ఎందుకు ఆగిపోయింది" అని మన అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకుంటాం చూడండి, అది ఆగడం వల్ల ఎవరో ఒకరు స్తంభం దిగి ఇంటికెళ్తున్నారు. బ్యాటరీ తగిలించి, ఎవరో కుర్రాణ్ణి పిలిచి ఆ ఆపుడుని దాటించే వైరింగు చేయించే ముందు నా కథ గుర్తు తెచ్చుకోండి.

మన వాళ్ళలో చాలామందికి ఇంట్లో ఇన్వర్టరు, అపార్ట్‌మెంటుకి జనరేటరు, కొందరికి ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో సోలార్ ఉన్నాయి. ఈ వారాంతం ఒక పావుగంట కేటాయించండి. జనరేటరు ప్యానెల్ దగ్గరికి వెళ్ళి ఛేంజోవర్ స్విచ్ ఉందో లేదో చూడండి. అది ఒక వైపుంటే రెండో వైపు తగలడానికి వీలు లేకుండా ఉండాలి. రెండూ ఆన్ చేయగలిగేలా రెండు వేరే స్విచ్చిలు పెట్టి "మావాడు జాగ్రత్తగా వేస్తాడు" అంటే ఒప్పుకోకండి. నేనూ ఆ రోజు జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను.

మా అపార్ట్‌మెంటులో ఆ నెలలోనే స్విచ్ పెట్టించాం. బాబాయి వచ్చి చూసి, నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, ఏమీ అనకుండా టీ తాగి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ కరెంటు పోతే నేను చేసే మొదటి పని, వీధి చివరికి వెళ్ళి ఆ డబ్బా కింద నిలబడి వినడం. చప్పుడు లేకపోతే వెనక్కి వచ్చేస్తాను.